మావాడికి డొమినికా వచ్చిందండీ!

మన ఇళ్లలో పిల్లలకు భూగోళం చెప్పే పంతుళ్లు ఇద్దరే. ఒకరు క్రికెట్, ఇంకొకరు వీసా. వీళ్లిద్దరి నోటా రాని దేశం అట్లాసులో ఉన్నా ఉన్నట్టు కాదు. క్రికెట్ పంతులుగారికి వచ్చిన దేశాలు ఓ డజను. అందులో వెస్టిండీస్ అసలు దేశమే కాదు, కొన్ని దేశాలు కలిసి కట్టుకున్న జట్టు. ఆ సంగతి మనలో కొందరికి రిటైరయ్యే దాకా తెలియదు. వీసా పంతులుగారి సిలబస్ ఇంకా చిన్నది: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు, అవేవీ దొరక్కపోతే జర్మనీ. ఇక నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్ అనే మూడో పంతులు వచ్చి, రెండొందల పైచిలుకు పేర్లతో హాజరు పిలిచి, రెండు వారాల్లో వెళ్లిపోతాడు. మన ప్రైవేటు బళ్లకు 'గ్లోబల్ సిటిజన్' గుర్తొచ్చేది ఆ రెండు వారాల్లోనే.

మా ఊళ్లోనూ అలాంటి బడి ఒకటి ఉంది. పేరు చెప్పను. చెప్పడానికి ఈ కాలమ్‌లో చోటు కూడా చాలదు. అసలు పేరు వెనక టెక్నో, కాన్సెప్ట్, ఇంటర్నేషనల్, ఒలింపియాడ్ అని నాలుగు తోకలున్నాయి. మైదానం మాత్రం లేదు. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో రాసి ఉంది. యాజమాన్యానికి చట్టమంటే గౌరవం కాబట్టి సెల్లార్లో ఓ మూల స్కూటర్లు తీయించి 'ప్లే ఏరియా' అని బోర్డు పెట్టారు. పీఈటీ సారు కూడా ఉన్నారు. ఆయన డ్రిల్లు పీరియడ్ లెక్కల సారు తీసుకుంటారు, ఈయన అడ్మిషన్ల పని చూసుకుంటారు.

2024 జులై 26న పారిస్‌లో జట్లన్నీ సెన్ నది మీద పడవల్లో ఊరేగాయి కదా, ఆ మర్నాడే వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పడింది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఒక్కొక్కరికీ ఒక్కో దేశం. చీటీలు తీసి పంచుతారు. రాజధాని, కరెన్సీ, భాష, జాతీయ జంతువు, జెండా, ఎన్ని పతకాలు, అన్నీ చార్టు మీద రాసి తేవాలి. మార్కులున్నాయి. 'తల్లిదండ్రులు సాయం చేయరాదు' అని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. అది చదివాకే మా కాలనీ నాన్నలంతా ఫ్యాన్సీ షాపుకు బయల్దేరారు.

చీటీలు తీసిన రోజు ఆఫీసు రూము ముందు జనం కనబడితే నేనూ ఆగాను. ఓ తండ్రి ప్రిన్సిపాల్‌ను పట్టుకున్నాడు.

"మావాడికి డొమినికా వచ్చిందండీ. పక్క బెంచీ పిల్లాడికేమో అమెరికా ఇచ్చారు. ఫీజు మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే కట్టించుకున్నారు కదండీ?"

"అమెరికా సీటు ఒక్కటేనండీ, అయిపోయింది. కావాలంటే వెయిటింగ్ లిస్టులో పెడతాం."

అమెరికా వచ్చిన పిల్లాడు అదృష్టవంతుడు. వాళ్ల పెద్దమ్మ డాలస్‌లో ఉంటుంది; చార్టు అక్కర్లేదు, వీడియో కాల్ చాలు. అమెరికా రాజధాని ఏదిరా అంటే 'డాలస్' అన్నాడట. మిస్ కూడా కాసేపు ఆలోచించారట.

డొమినికా తండ్రి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తే అక్కడి షాపతను డొమినికన్ రిపబ్లిక్ మ్యాపు కలర్ ప్రింటు తీసిచ్చాడు. అది వేరే దేశమని, డొమినికా ఇంకో బుల్లి దీవి అని, దాని జెండా నడుమ చిలక ఉంటుందని నాలుగో తరగతి పిల్లాడే చెప్పాడు. "చిలక అయితే పది రూపాయలు ఎక్కువవుతుంది" అన్నాడు షాపతను. చాద్ వచ్చిన పాపకు ఈ కష్టం కూడా లేకపోయింది. ఆమె చార్టు మీద అంటించింది రొమేనియా జెండా. రెండింటికీ నీలం, పసుపు, ఎరుపు నిలువు పట్టీలే, నీలంలో కాస్త ఛాయ తేడా తప్ప. మిస్ మెచ్చుకుని స్టార్ పెట్టారు. మిస్‌ను అని లాభం లేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు వచ్చేదాకా హైతీ, లీక్టన్‌స్టైన్ దేశాలకే తమ రెండు జెండాలూ ఒకటేనని తెలియదు. ఆ మరుసటి ఏడు లీక్టన్‌స్టైన్ వాళ్లు తమ జెండా మీద కిరీటం బొమ్మ వేసుకున్నారు.

అసలు చిక్కు దక్షిణాఫ్రికా దగ్గర వచ్చింది. ఐదో తరగతి పాప రాజధాని గడిలో ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూమ్‌ఫౌంటెన్ అని మూడూ రాసింది. ముమ్మాటికీ నిజం. కానీ ఇది ఆంధ్రదేశం. 2019 డిసెంబరులో మన అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఉదాహరణగా వినబడింది ఆ దేశం పేరే. చార్టు గోడకెక్కిన సాయంత్రానికి గ్రూపులో యుద్ధం మొదలైంది. "స్కూల్లో రాజకీయాలేమిటి?" అని ఒక తండ్రి. "ఉన్నది రాస్తే రాజకీయమా?" అని ఇంకో తండ్రి. అమరావతి ఫొటో ఒకరు పెట్టారు, విశాఖ బీచి ఇంకొకరు పెట్టారు. దక్షిణాఫ్రికా ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చివరికి ప్రిన్సిపాల్ తీర్పు చెప్పారు: ఇకమీదట ఏ దేశానికైనా రాజధాని గడి పెన్సిల్‌తో నింపాలి. పదేళ్ల పిల్లలకు ఇంత దూరదృష్టి నేర్పే బడి ఈ రాష్ట్రంలో ఇంకోటి ఉంటుందనుకోను.

మూడో తరగతిలో ఓ బుడ్డోడికి వచ్చిన చీటీ ఇంకా ఘోరం. పారిస్ ఊరేగింపు జాబితాను అలాగే కాపీ కొట్టి చీటీలు రాశారు కాబట్టి, అందులో శరణార్థుల జట్టు కూడా వచ్చేసింది. 2016 రియోలో పదిమందితో మొదలైన జట్టు అది. పారిస్‌కు 37 మంది వచ్చారు. యుద్ధాల వల్లో, ప్రాణభయంతోనో సొంత దేశం వదిలిన ఆటగాళ్లు. రాజధాని గడి ఖాళీ. కరెన్సీ గడి ఖాళీ. జాతీయ జంతువు ఖాళీ. పతకాల గడి మాత్రం చివరికి ఖాళీగా మిగల్లేదు. కామెరూన్‌లో పుట్టి చిన్నప్పుడే ఇంగ్లండు చేరిన సిండీ ఎన్‌గాంబా బాక్సింగ్‌లో కాంస్యం గెలిచింది. ఆ జట్టుకు అదే మొదటి పతకం.

"మిస్, వీళ్లకు ఇల్లెక్కడ?" అన్నాడు వాడు.

ఒలింపిక్స్ మొత్తంలో ఆ బడిలో ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదొక్కటే. సిలబస్‌లో లేదు కనుక మిస్ చీటీ వెనక్కి తీసుకుని స్విట్జర్లాండ్ ఇచ్చారు. వాడికి చాక్లెట్లూ ఆవులూ దొరికాయి. తైవాన్ ఆటగాళ్లు చైనీస్ తైపే అనే పేరుతో, సొంతం కాని జెండాతో ఎందుకొస్తారని అడిగిన పిల్లకూ, రష్యావాళ్లు జెండా లేకుండా ఎందుకు ఆడుతున్నారని అడిగిన పిల్లాడికీ కూడా అలాగే చెరో మంచి దేశం ఇచ్చి పంపేశారు. గొడవల్లేని దేశాలు త్వరగా అయిపోతున్నాయని ప్రిన్సిపాల్ కంగారుపడ్డారట.

ఇంతలో ఆగస్టు 3 వచ్చింది. ఆ ఒక్కరోజే డొమినికా అమ్మాయి థియా లఫాండ్ ట్రిపుల్ జంప్‌లో 15.02 మీటర్లు దూకి స్వర్ణం గెలిచింది. సెయింట్ లూసియా అమ్మాయి జూలియన్ ఆల్‌ఫ్రెడ్ తడిసిన ట్రాకు మీద వంద మీటర్లు 10.72 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. రెండు దేశాలకూ ఒలింపిక్స్‌లో అవే మొదటి పతకాలు. సెయింట్ లూసియా అంటే ఎవరికీ తెలియలేదు కానీ, మన సన్‌రైజర్స్‌కు ఆడిన డారెన్ సామీ సొంతగడ్డ అనగానే కాలనీ అంతా గుర్తుపట్టింది. క్రికెట్ పంతులు చెబితేనే మనకు ఎక్కుతుంది మరి. డొమినికా జనాభా ఇంచుమించు మన బాపట్ల పట్టణమంత. అమెరికా కోసం కొట్లాడిన తండ్రి ఇప్పుడు స్టేటస్‌లో చిలక జెండా పెట్టుకున్నాడు.

పతకాల పట్టిక దగ్గర మళ్లీ పేచీ. భారత్‌కు ఒక రజతం, ఐదు కాంస్యాలు, 71వ స్థానం. ఒక్క స్వర్ణంతో పాకిస్థాన్ 62. అదే స్థానంలో పక్కనే డొమినికా. "మిస్, మా డొమినికా ఇండియా కన్నా పైన" అని మనవాడు లేచి నిలబడితే, మిస్ కూర్చోబెట్టి లెక్క మార్చారు. ఆరు పెద్దదా, ఒకటి పెద్దదా? ఆరే కదా. అమెరికా పత్రికలూ మొత్తం పతకాలే లెక్కేసుకుంటాయి కాబట్టి ఇది అంతర్జాతీయ ప్రమాణమే. 92.97 మీటర్ల బల్లెం విసిరి మన నీరజ్ చోప్రాను రజతంతో సరిపెట్టిన పాకిస్థానీ అర్షద్ నదీమ్ గురించి, అతనూ మా బిడ్డే అని నీరజ్ తల్లి అన్న సంగతి దేశమంతా విన్నది. పాకిస్థాన్ చార్టులో మాత్రం అది లేదు. గడి లేదుగా.

ఇదంతా ఇంతేలే, చిన్న పిల్లలకు ఇంతకంటే ఏం చెబుతాం అనుకునేవారికి ఓ పాత సంగతి. 1998లో జపాన్‌లోని నగానోలో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. అక్కడి ప్రాథమిక, మాధ్యమిక బళ్లు ఒక బడికి ఒక దేశం చొప్పున పంచుకున్నాయి. పిల్లలు ఆ దేశపు పలకరింపులూ జాతీయగీతమూ నేర్చుకున్నారు, ఆ దేశపు పిల్లలకు ఉత్తరాలు రాశారు, వచ్చిన ఆటగాళ్లను బడికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. బోస్నియా వంతు వచ్చిన బడిలో పిల్లలు మందుపాతరల గురించి తెలుసుకున్నారు. కరెన్సీ పేరు బట్టీపట్టారో లేదో గానీ, అక్కడి పిల్లలు పొలంలోకి వెళ్లడానికి ఎందుకు భయపడతారో తెలుసుకున్నారు. ఈ పద్ధతి బాగుందని తర్వాత ఒలింపిక్స్ జరిపిన ఊళ్లూ అందుకున్నాయి. మా ఊరి ప్రిన్సిపాల్‌కు ఈ మాట చెబితే ఆయన ఎంతో ఆసక్తిగా విని, "ఇది ఎంత ఫీజుకు పెట్టొచ్చంటారు?" అని అడిగారు.

డొమినికా కుర్రాడికి మాత్రం ఒక్కటే పిచ్చి పట్టింది. కారిడార్లో గంట కొట్టగానే ఒంటికాలి మీద ఓ గెంతు, ఓ అంగ, ఓ దూకుడు. ట్రిపుల్ జంప్. రెండుసార్లు వాటర్ ఫిల్టర్‌కు గుద్దుకున్నాడు. మూడోసారి డయరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు: 'మీ అబ్బాయి క్లాసులో దూకుతున్నాడు. క్రమశిక్షణ నేర్పగలరు.' దేశం గురించి చార్టు రాసినవాళ్లకు స్టార్లు, దేశం చేసిన పని చేసి చూపినవాడికి మెమో.

అయ్యా, యాజమాన్యం వారూ! లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 2028 జులై 14న మొదలవుతాయి. ఈసారి క్రికెట్ కూడా ఉంది. వెస్టిండీస్ ఆ పేరుతో అక్కడ ఆడడానికి వీల్లేదు కాబట్టి, ఆ దీవుల పేర్లన్నీ పిల్లలు ఎలాగూ విడివిడిగా అడుగుతారు. చీటీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. శరణార్థుల చీటీ మాత్రం ఈసారి వెనక్కి తీసుకోకండి. ఇంకొక్క మనవి. ట్రిపుల్ జంప్‌కు ఏసీ ల్యాబు అక్కర్లేదు, డిజిటల్ బోర్డు అక్కర్లేదు. పరుగెత్తడానికి కాస్త నేల, దూకి పడడానికి ఓ ట్రాక్టరు ఇసుక చాలు. ఇసుక ఉచితమని ప్రభుత్వమే చెబుతోంది. మోసిన కిరాయి ప్రాజెక్టు ఫీజులో కలిపేయండి, మేం రసీదు కూడా అడగం.