అప్పట్లో అన్న

బెంగళూరులో రాత్రి పదయ్యేసరికి డ్రమ్ములు ఆగిపోయాయి. పాటలు అయిపోయి కాదు, రూలు అడ్డమొచ్చి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు మోగకూడదని 2000 సంవత్సరంలో కేంద్రం నిబంధన పెట్టింది. మా చక్రాయపేట వైపు నాటకానికి హార్మోనియం పెట్టె తెరిచేదే ఆ వేళకు. అలాంటి ఊరివాణ్ణి పదిగంటలకు ఇంటికి పొమ్మనడమంటే, విస్తరేసి నీళ్ళు చల్లించి, ఇక లేచి చెయ్యి కడుక్కోమన్నట్టు ఉంటుంది.

జనం గేటు వైపు కదిలారు. నేను కదల్లేదు. అసలు కచేరీ ఇప్పుడే మొదలవుతుందని నాకు తెలుసు. మూడు గంటలుగా సౌండు మిక్సరు బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడిన మా అప్పట్లో అన్న, చెవుల్లోంచి దూది తీశాడు. రెండు ముక్కలూ కలిపి ఉండ చేశాడు. ప్యాంటు జేబులో వేసుకున్నాడు. దూది జేబులో పడిందంటే తీర్పు నోట్లోకి వచ్చిందని లెక్క.

"బాగుండాది," అన్నాడు. గేటు దాకా ఏమీ మాట్లాడలేదు. గేటు దాటాక, "గానీ..." అన్నాడు.

ఆయనకు రేషన్ కార్డులో ఒక పేరుంది. దాన్ని వాడేది రేషన్ డీలరు ఒక్కడే. ఊళ్ళో, బెంగళూరులో, బ్యాండ్ల వెనక తిరిగే కుర్రాళ్ళలో ఆయన అప్పట్లో అన్నే. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అంటే వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పు వెతికితే కంపెనీ జీతమిస్తుంది. శని ఆదివారాలు అదే పని టికెట్టు కొనుక్కుని మరీ చేస్తాడు.

ఆయన కచేరీ టీషర్టు నల్లది. దాని మీద ఒకప్పుడు ఏదో బ్యాండు పేరుండేది. ఇప్పుడు మొదటి అక్షరం, చివరి అక్షరం మిగిలాయి. కొత్తది కొనుక్కోరాదా అంటే, "కొత్తది ఎవడైనా కొంటాడు" అంటాడు. మాసినకొద్దీ విలువ పెరిగే బట్ట, మా ఇంట్లో తాతల నాటి జరీ పంచె తర్వాత, అదొక్కటే చూశాను.

కచేరీలో ఆయన చప్పట్లు కొట్టడు. మరీ బాగుంటే "మ్" అంటాడు. అందరూ కలిసి పాడే పాటకు నోరు మూసుకుంటాడు. ఎవరికీ తెలియని పాట మొదలైతే మాత్రం కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా పెదాలు కదుపుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారో లేదో మధ్యలో ఒకసారి ఒంటికన్ను తెరిచి చూసుకుంటాడు.

ఇక ఆయన దగ్గరున్న పెద్ద ఆస్తి, ఆ రాత్రి వాయించిన బ్యాండు మొట్టమొదటి కచేరీ. దానికి ఆయన వెళ్ళాడు, మనం వెళ్ళలేదు. ఆరేళ్ళ కింద నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఆ రోజు అరవై మంది జనం. తర్వాత నలభై అయ్యారు. పోయిన సంక్రాంతికి పదకొండు మందికి దిగారు. ఇలాగే పోతే ఇంకో రెండేళ్ళకు ఆ కచేరీకి బ్యాండు కూడా వచ్చి ఉండదు, ఈయనొక్కడే విని ఉంటాడు.

ఆ రాత్రి పార్కింగు దగ్గర మేం అయిదుగురం. అన్న, నేను, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే మా అక్క కొడుకు, కంటి ఆపరేషనుకు వచ్చి మా గదిలో చిక్కుకుపోయిన పెద్దనాయన, ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉన్న నా రూమ్మేటు. ఒకే పాటలు, ఒకే స్పీకర్లు. విన్నది మాత్రం అయిదు కచేరీలు.

"మెంటలెక్కిపోయింది మామా!" అన్నాడు మేనల్లుడు. వాడి గొంతు అప్పటికే పోయింది.

"నువ్వు యాడ సూస్తివిరా? సూసిందంతా నీ ఫోను కదా," అన్నాడు అన్న.

నిజమే. వాడి ఫోనులో ముప్పావు గంట వీడియో ఉంది. అందులో స్టేజీ ఒక మూలన, మిగతాదంతా ముందు నిలబడినవాడి పిలక.

పెద్దనాయన మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు. "పిల్లోల్లు బాగా కష్టపడినారు పాపం. చెమటలు కారిపాయ. ఆ తప్పెట కొట్టినోడికి ఎవురన్నా సోడా ఇచ్చింటే బాగుండు," అన్నాడు. కాసేపాగి, "పదాలే, ఒక్కటీ ఇనపల్యా," అన్నాడు.

ప్రొద్దుటూరు రూమ్మేటుకు ఇవేమీ పట్టవు. వాడు ఫోనులో లెక్క కట్టాడు. "టికెట్టు పదైదు నూర్లు. పద్నాలుగు పాటలు. పాట నూటేడు రూపాయలు పడింది. మధ్యలో వాళ్ళు మాట్లాడిందంతా తరుగే కదా? తరుగు శానా ఎక్కువుందప్పా." అంగట్లో తరాజు ముందు కూర్చున్నట్టే అన్నాడు. మజూరి సంగతి ఎత్తలేదు, మర్యాదస్తుడు.

అన్న అందరినీ విని, మేనల్లుడి భుజం మీద చెయ్యేశాడు. "బాగుండాది గానీ అబ్బీ, రెండో గిటారు ఇనపడెనా? అప్పట్లో ఒక్క గిటారుతో గోడలదిరిపోతాండె. ఇప్పుడు లైట్లెక్కువైనాయి. పాట తక్కువైంది."

ఆయన ఫిర్యాదులకు ఒక వరస ఉంది. మొదటిది లైట్లు. రెండోది కొత్త డ్రమ్మరు. మూడోది, అన్నిటికంటే లోతైనది, సినిమా. చౌరస్తా బ్యాండును ఆయన 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామ' నాటి నుంచి వింటున్నాడు. ఆ బ్యాండు గాయకుడు రామ్ మిర్యాల 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాట పాడేసరికి ఊరందరి వాడైపోయాడు. మరుసటి ఏడు 'డీజే టిల్లు' పాట వచ్చాక పెళ్ళి ఊరేగింపుల్లో కూడా అతని గొంతే. అన్నకు పది రోజులు అన్నం సయించలేదు. తను దాచుకున్న పెట్టె తాళం ఎవరో పగలగొట్టి అందులోది వీధిలో పంచిపెట్టినట్టు మొహం పెట్టాడు. "మంచిదే కదన్నా, నలుగురికీ తెలిసె," అన్నాను. "నలుగురికీ తెల్సినాక ఇంక నాకెందుకురా?" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు ఆయన పూర్తిగా అర్థమయ్యాడు. పాట బాగుండాలని ఆయనకు లేకపోలేదు. పాట కంటే ముందు తను ఉన్నానన్నది కావాలి.

ఇది ఆయనొక్కడి రోగం కాదు. బాబ్ డిలన్ 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి కరెంటు గిటారు తెస్తే జనంలోంచి కేకలు లేచాయి. మరుసటి ఏడు మాంచెస్టరులో ఒకడు హాల్లోంచి "జూడాస్!" అని అరిచాడు. ఏసును అప్పగించినవాడి పేరు పెట్టి తిట్టడమన్నమాట. చాలా ఏళ్ళ తర్వాత, ఆ అరిచింది నేనేనని ఒకరికి ఇద్దరు బయటికొచ్చారు. అన్నకు ఈ కథ చెబితే కళ్ళు మెరిశాయి. వాళ్ళిద్దరిలో ముందు చెప్పింది ఎవరని అడిగాడు.

అంత దూరం పోవడమెందుకు? మా మండలంలోనే సురభి అనే ఊరుంది. 1885లో తోలుబొమ్మలాడించే వనారస వారి కుటుంబం ఆ ఊళ్ళోనే, బొమ్మల బదులు తామే రంగులు పూసుకుని 'కీచకవధ' ఆడింది. ఆ ఊరి పేరే సమాజానికి పేరయ్యి, సురభి నాటకమంటే తెలుగుదేశమంతా బళ్ళు కట్టుకుని వెళ్ళే రోజులొచ్చాయి. చరిత్ర పుస్తకాలు ఇంతవరకే రాస్తాయి. నాకు మాత్రం ఆ రాత్రి నాటకం చూసి, తెల్లారి రచ్చబండ మీద కూర్చుని, వేపపుల్ల నములుతూ, "బాగుండాది గానీ, బొమ్మలాటే బాగుండె. బొమ్మలైతే పదాలు మర్చిపోతాయా?" అన్న ఒక మనిషి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాడు. సాక్ష్యం లేదు. అయినా పందెం కాస్తాను. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం మొదలైనప్పుడు ఆ మనిషి కొడుకు, "మీసాలోడు చీర కట్టి మెప్పిస్తే గదా కళ! ఆడది ఆడదిగా చేస్తే దాంట్లో ఏముంది?" అని ఉంటాడు. ఆ వంశమే అంచెలంచెలుగా మా అన్న దాకా వచ్చింది.

మధ్యలో వాళ్ళ నాయన ఉన్నాడు. ఆయన్ను నేను చూశాను. 'సత్యహరిశ్చంద్ర' ఎక్కడ ఆడుతున్నా సైకిలు మీద వెళ్ళేవాడు, వేంపల్లె కానీ రాయచోటి కానీ. జనం కాటిసీను కోసం కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చునేవాళ్ళు. డి.వి. సుబ్బారావు పాడిన ఆ పద్యాలు క్యాసెట్లుగా వచ్చాక టీ అంగళ్ళలో కూడా శ్మశానమే మోగేది. ఆ సీనులో జనం ఎక్కువ ఏడ్చేది జాషువా పద్యాలకు. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. అన్న నాయనకు అదే బాధ. "పద్యం బాగుండాది గానీ, నాటకంలోది కాదబ్బీ," అనేవాడు. ఈ కాలం మాటలో చెప్పాలంటే, జనం అరిచి గీపెట్టి అడిగే పాట ఆ బ్యాండుది కాదు, కవర్ సాంగు. అంత చెప్పి, ఆ పద్యం వచ్చినప్పుడు "వన్స్ మోర్" అని అందరికంటే ముందు అరిచేది మళ్ళీ ఆయనే. అప్పట్లో వన్స్ మోర్ అంటే పద్యం వచ్చేది. బెంగళూరులో పది దాటాక అంటే పోలీసు వస్తాడు.

ఆ రాత్రే మేం ఊరికి బయల్దేరాం. మర్నాడు శ్రావణ శనివారం, గండి తిరునాళ్ళ. పెద్దనాయనకు కిటికీ సీటు ఇచ్చి, కంటికి నల్లద్దాలు పెట్టి కూర్చోబెట్టాం. కదిరి దాకా అన్నా మేనల్లుడూ కొట్టుకుంటూనే ఉన్నారు. బ్యాండువాళ్ళు తమ పాత ఆల్బమును శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారట. మేనల్లుడికి కొత్తది నచ్చింది, గొంతు స్పష్టంగా ఉందన్నాడు. అన్నకు పాతదే కావాలి, అందులో మూడో పాట మధ్యన ఎవరో దగ్గుతారు.

"ఆ దగ్గు తీసేసినార్రా! ఆ దగ్గు కాడ్నే కదరా పాట పైకి లేసేది!"

మేనల్లుడు నవ్వాడు. అన్న నవ్వలేదు. పాపఘ్ని వైపు చెయ్యి చూపించాడు, చీకట్లో ఏమీ కనబడకపోయినా. గండిలో రాములవారు బాణం మొనతో బండమీద ఆంజనేయుడి బొమ్మ గీస్తూ, ఎడమచేతి చిటికెనవేలు గీయకుండానే వెళ్ళిపోయారని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తర్వాత వ్యాసరాయలవారు ఆ బొమ్మను శిల్పంగా చెక్కి, ఆ వేలు కూడా పూర్తి చెయ్యబోతే నెత్తురు కారిందంటారు.

"వ్యాసరాయలంతటోడు సరిజేయబోతేనే నెత్తురొచ్చె. మీ సౌండింజనీరు ఎంతరా?"

బస్సులో దీనికి జవాబు దొరకలేదు. నాకూ ఇప్పటిదాకా దొరకలేదు. ముందు సీటులోని పెద్దమనిషి ఎవరో మాకేసి తిరిగి నిద్రమత్తులోనే దండం పెట్టాడు. గండి పేరు విని పెట్టాడో, మా నోరు మూయించడానికి పెట్టాడో తెలియలేదు.

ఒక మాట అన్న తరఫున చెప్పాలి. మెంటలెక్కిపోయిందన్న మేనల్లుడు వచ్చే కచేరీ నాటికి ఇంకేదో బ్యాండు వెనక ఉంటాడు. తరుగు లెక్క కట్టిన రూమ్మేటు మళ్ళీ రానే రాడు. పెద్దనాయన వీలైతే రెండో కన్నుకు ఆపరేషను వాయిదా వేసుకుంటాడు. టికెట్లు తెరిచిన మొదటి నిమిషంలో కొనేది, వానొచ్చినా వచ్చేది, చివరిదాకా నిలబడేది ఈ "గానీ" మనిషే. బ్యాండువాళ్ళకు కూడా ఆ సంగతి తెలిసినట్టుంది. స్టేజీ దిగేటప్పుడు సౌండు బల్ల వైపు చూసి, చేతులు కట్టుకున్న మనిషి ఉన్నాడా లేడా అని ఒకసారి సరిచూసుకున్నట్టు నాకనిపించింది.

తెల్లారి అన్న ఇంటి అరుగు మీద దిగాం. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. తెడ్డు ఆపకుండానే, "యెట్లుండె రా పాటకచేరి?" అంది.

అన్న చెప్పులు విడిచాడు. దూది ఉండ జేబులోంచి తీసి గూట్లో పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాగుండాది గానీమా..." అని మొదలుపెట్టి, లైట్లు, డ్రమ్మరు, సినిమా, దగ్గు, అన్నీ చెప్పాడు. వరస తప్పలేదు. ఆమె సంగటి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, నెయ్యి పోసి, పక్కన చెనక్కాయల ఊరిమిండి వేసి, పళ్ళెం ఆయన ముందుకు తోసింది.

"మీ నాయనైతే రెండు మాటల్లో తేల్చేసేటోడు రా," అంది. "నాటకం చూసొచ్చి, సైకిలు గోడకానించేలోపలే అయిపోయేది. యెంత బాగుండేదో ఆయప్ప చెప్తాంటే. నీకు రాలేదు ఆ నోరు."

అన్న ఏదో అనబోయాడు. అప్పటికే మేనల్లుడు ఫోను తీసి రికార్డు చేస్తున్నాడు.