అతినీలలోహిత దీపం ఆత్మకథ

నేను సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో క్రిములను చంపే దీపాన్ని. నా గొట్టంలో ఉన్నది పాదరసపు ఆవిరి. నేను వెలిగినప్పుడు కనిపించే లేత నీలమే క్రిములను చంపుతోందని చాలామంది అనుకుంటారు. చంపేది కంటికి కనిపించని 254 నానోమీటర్ల కిరణం. జీవకణానికి వెలుగు చేసే మేలూ కీడూ కంటికి కనిపించే ప్రకాశాన్ని బట్టి ఉండవు. దాని తరంగదైర్ఘ్యం ఎంత, అది ఎంతసేపు తగిలింది, కణంలో దాన్ని పీల్చుకునే అణువు ఏది, తగిలిన దెబ్బను సరిచేసుకునే శక్తి కణానికి ఉందా లేదా అన్నవే వాటిని తేలుస్తాయి.

1930 నాటికి ఫ్రెడరిక్ గేట్స్ తరంగదైర్ఘ్యాలను విడివిడిగా బ్యాక్టీరియా మీద ప్రయోగించి చూశాడు. వాటిని ఎక్కువగా చంపినవి కేంద్రకామ్లాలు (డీఎన్ఏ వీటిలో ఒకటి) ఎక్కువగా పీల్చుకునే కిరణాలే. వంశలక్షణాలను మోసేది డీఎన్ఏ అని ఏవరీ బృందం చూపించింది 1944లో. వెలుగు ఆ జాడ అంతకు చాలా ముందే చెప్పింది. నా కిరణం తగిలితే డీఎన్ఏ పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నకలు తీసే ఎంజైము అక్కడికొచ్చి ఆగిపోతుంది.

అలాగైతే వెలుగు కణానికి శత్రువేనా అని అడగొచ్చు. కాదనడానికి గట్టి సాక్ష్యం 1949లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ నుంచి వెలువడింది. స్ట్రెప్టోమైసిన్ మందునిచ్చే సూక్ష్మజీవి బీజాలకు ఆల్బర్ట్ కెల్నర్ అతినీలలోహిత కిరణాలు తగిలించి, ఎన్ని బతికాయో లెక్కపెడితే ఆ లెక్క నిలకడగా వచ్చేది కాదు. ఉష్ణోగ్రతలో తేడా అనుకున్నాడు. అసలు కారణం, ఆ తర్వాత వాటి మీద పడిన మామూలు వెలుగు! ఫోటోలైయేజ్ అనే ఎంజైము నీలికాంతి శక్తిని పుచ్చుకుని, నేను అతికించిన థైమిన్లను విడదీస్తుంది. నా చేతిలో చావవలసిన కణాన్ని మరో వెలుగు బతికించడం నాకు ఇప్పటికీ అద్భుతమే.

మనుషుల్లో ఈ ఎంజైము లేదు. మీ కణాలు చెడిన ముక్కను కత్తిరించి కొత్తది పూరించుకుంటాయి. ఆ ఏర్పాటు పుట్టుకతోనే దెబ్బతిన్న జీరోడెర్మా పిగ్మెంటోసమ్ రోగులకు ఎండ వల్ల చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వస్తుంది. సూర్యుడిలోని 254 నానోమీటర్ల కిరణాన్ని వాతావరణం ఆపేస్తుంది కనుక ఎండకు భయపడనక్కర్లేదనే వాదన సగమే నిజం. నేలకు చేరే యూవీ-బీ అనే అతినీలలోహిత కిరణం కూడా థైమిన్లను అతికిస్తుంది. చర్మంలో విటమిన్-డి తయారవడానికి కావలసిందీ అదే యూవీ-బీ. అందుకే ఎండను పూర్తిగా మానెయ్యమని నేను అనను, ఎంతసేపన్నదే చూసుకోమంటాను.

నా విషయంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. చేతుల శుభ్రతకు నాలాంటి దీపాలు వాడొద్దని కొవిడ్ కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సబ్బు, నీళ్లు చాలు. నీలంగా వెలుగుతున్నాను కదా అని నమ్మనూ వద్దు. గొట్టం పాతబడ్డాక నీలం కనిపిస్తూనే ఉంటుంది, చంపే కిరణం తగ్గిపోతుంది. మీటరు పెట్టి కొలవండి, పని మొదలుపెట్టే ముందు నన్ను ఆర్పండి.