మబ్బు పట్టినా ఆగని అబ్జర్వేటరీ: పెరటి ఖగోళవేత్తలకు చిట్కాలు

టెలిస్కోపు కొనకముందే ఆటోమేషన్ కొనండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఓ మామూలు టెలిస్కోపు తెచ్చుకుంటారు. నాలుగు నెలలు డాబా మీద దోమలతో కుట్టించుకుంటూ ఏ దిక్కున వీధి దీపం కళ్లలో కొడుతుందో, ఏ వేళకు పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డొస్తుందో చూసుకుని, అప్పుడు గది కట్టడం మొదలుపెడతారు. ఈలోగా మనిషికి ఆకాశం అలవాటైపోతుంది. అలవాటైనవాడు రాత్రి రెండింటికి లేచి బయటికి వెళ్లడానికి బద్ధకించడు. ఇక వాడికి ఆటోమేషన్ ఎందుకు? మన లక్ష్యం అది కాదు. మీరు మంచం దిగకూడదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో నెబ్యులా చూసుకోవాలి, పదిమందికీ పంపాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకోండి చాలు.

స్థలం దగ్గర ఆకాశాన్ని కాదు, వాస్తు సిద్ధాంతిగారిని సంప్రదించండి. నైరుతిలో బరువుండాలంటారు కదా, టెలిస్కోపు నిలిచే స్తంభం, అంటే పియర్, దాని కాంక్రీటు అంతా అక్కడే పోయించండి. అప్పుడు ఇల్లు దానికి ఉత్తరాన, తూర్పున గోడలా నిలబడుతుంది. టెలిస్కోపును తిప్పే మౌంట్ అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి, అది మన దగ్గర అసలే కిందుగా ఉంటుంది: హైదరాబాద్‌లో 17 డిగ్రీలు, విజయవాడలో 16న్నర, తిరుపతిలో 14కు అటూఇటూ. టెలిస్కోపు కన్నా 20 అడుగులు ఎత్తున్న ఇల్లు ఉత్తరాన ఉంటే, హైదరాబాద్‌లో 65 అడుగుల దాకా వెనక్కి జరిగితే గాని ఆ నక్షత్రం కనపడదు. మన స్థలాల్లో 65 అడుగులు వెనక్కి జరిగితే వెనక వీధిలో తేలతాం. ధ్రువ నక్షత్రం కనపడకుండానే మౌంట్ అక్షాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే, బాగానే పనిచేస్తాయి కూడా. వాటికి ఆకాశంలో ఇంకో ముక్కయినా కనపడాలి. తూర్పున కూడా ఇల్లే ఉంది కాబట్టి ఆ గొడవ మనకు లేదు.

మౌంట్ కొనేటప్పుడు అక్షాంశం గురించి అడగకండి, దుకాణంవాడు చిన్నబుచ్చుకుంటాడు. 40, 50 డిగ్రీల దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన మౌంట్లు కొన్నింటిని 17కు దించితే, బరువులు తగిలించే కడ్డీ వచ్చి ట్రైపాడ్ కాలికో పియర్‌కో కొట్టుకుంటుంది. ఆ సంగతి టెలిస్కోపు బిగించాక, మోటారు తిరుగుతుండగా తెలిస్తేనే గుర్తుండిపోతుంది.

పియర్‌కు గుంట తవ్వేది ఎండాకాలంలో అయితే మేలు. ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి నేలల్లో. మే నెలలో ఆ నేల అరచెయ్యి దూరేంతగా పగులుతుంది, తవ్వే కూలి సగం కలిసొస్తుంది. రెండడుగులు చాలు. వానలు పడ్డాక రేగడి ఉబ్బుతుంది, ఎండలకు మళ్లీ కుంచించుకుపోతుంది, పియర్ దాంతోపాటు లేస్తూ ఒరుగుతూ ఉంటుంది. ఆ కదలిక అందని లోతుకు పునాది దించాలని ఇంజినీర్లు అంటారు. వాళ్లకు లోతు మీదే ధ్యాస. మీటరు ఎత్తు పియర్ తల ఒక్క మిల్లీమీటరు పక్కకు వాలిందంటే మీరు కష్టపడి కుదిర్చిన అక్షం దాదాపు మూడున్నర ఆర్క్ నిమిషాలు తప్పినట్టే. ఏడాదికి రెండుసార్లు మళ్లీ కుదుర్చుకోవచ్చు, కాలక్షేపం.

మేస్త్రి పియర్ చుట్టూ గచ్చుకు అంగుళం ఖాళీ వదులుతానంటే ఒప్పుకోకండి. ఎలుకలు దూరతాయి. గచ్చునూ పియర్‌నూ ఏకంగా కలిపి పోయించండి. అదే పియర్ తల వెంట్రుక మందంలో పదోవంతు కదిలినా కెమెరాలో నక్షత్రం ఒకటిన్నర ఆర్క్ సెకను జరుగుతుంది. అంటే మీరు గదిలో అడుగుపెట్టగానే ఓరియన్ నెబ్యులాకు తెలిసిపోతుంది. పనిలో పనిగా వాషింగ్ మెషిన్‌ను ఆ గది గోడకే ఆనించండి.

ఇక కప్పు. అసలు సరదా అంతా ఇక్కడే ఉంది.

గుండ్రటి డోమ్ వీధిలోంచి బాగా కనిపిస్తుంది, కానీ చాలామంది పట్టాల మీద జరిగే రేకుల కప్పుతో సరిపెట్టుకుంటారు. దానికి అపార్ట్‌మెంట్ గేట్లు జరిపే మోటారే వాడతారు. పళ్ల పట్టీ, పళ్ల చక్రం, రిమోటు, అన్నీ బజార్లో దొరికే సరుకే, మంచి ఆలోచనే. చెడగొట్టడానికి మూడు చోట్లున్నాయి. మొదటిది ఎత్తు. కప్పు వాలును కాస్త ఎత్తుగా పెట్టిస్తే టెలిస్కోపు ఏ భంగిమలో ఉన్నా కప్పు దాని మీదుగా హాయిగా జారిపోతుంది. మీరు రెండడుగుల రేకు మిగల్చండి. టెలిస్కోపు పడుకుంటేనే కప్పు మూసుకునేలా కట్టించండి. రెండోది, టెలిస్కోపు నిజంగా పడుకుందో లేదో చెప్పే స్విచ్. దాని ధర కొన్ని వందలే. పెట్టకండి. సాఫ్ట్‌వేర్ ‘పార్క్ అయింది’ అంటే అయినట్టే. మధ్యలో యూఎస్‌బీ తీగ వదులైపోయి, మౌంట్ నిట్టనిలువుగా ఆగిపోయి ఉన్నా, స్క్రీన్ మీద మాత్రం ఆకుపచ్చ దీపమే వెలుగుతుంటుంది. గేటు మోటారుకు అడ్డం తెలియదు, టన్ను బరువు గేటును జరపడానికి పుట్టింది అది. పట్టాల మీద రేకుల కప్పు తాపీగా జరుగుతుంది, ఒకచోట కాస్త నెమ్మదిస్తుంది, ‘కటక్’ మంటుంది, మళ్లీ తన వేగం తాను అందుకుంటుంది. పొద్దున వెళ్లి చూస్తే టెలిస్కోపు గొట్టం కెమెరాతో సహా ఉత్తరపు గోడకు తలవాల్చి ఉంటుంది. మూడోది లిమిట్ స్విచ్. కప్పు చివరిదాకా వెళ్లిందని మోటారుకు చెప్పేది అదే. అది లేకపోతే కప్పు పట్టాలు దిగి జామచెట్టు మీద వాలుతుంది.

గాలికి కప్పు లేవకుండా కొక్కేలు పెట్టాలా అని కోస్తావాళ్లు అడుగుతుంటారు. బరువైన కప్పండీ, ఎక్కడికి పోతుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రేకులన్నీ ఎక్కడికి పోయాయో అక్కడికే.

వాన సంగతి. వాన సెన్సర్ చినుకు పడ్డాక చెబుతుంది, మబ్బు సెన్సర్ పడకముందే చెబుతుంది. ఒకటి చాలు, చవకది పెట్టండి. వేడిచేసే తీగ లేని వాన సెన్సర్ మీద మంచు పట్టినా వానే అనుకుంటుంది. బల్లి పడ్డా అంతే. బల్లి శాస్త్రంలో ఈ ఫలితం రాసి లేదు గాని, కప్పు మాత్రం మూసుకుంటుంది. మబ్బు సెన్సర్ అంటే ఆకాశం వైపు చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. తేటగా ఉన్న ఆకాశం నేల కన్నా బాగా చల్లగా కొలతకు వస్తుంది, మబ్బు కమ్మితే ఆ తేడా తగ్గుతుంది. ఎంత తేడా ఉంటే తేట అనుకోవాలన్న అంకె ఊరిని బట్టి మారుతుంది. గాలిలో తేమ ఉన్నచోట తేట ఆకాశం కూడా వెచ్చగానే కనిపిస్తుంది. మీరు కాకినాడలో ఉండి అరిజోనా ఎడారిలో ఎవరో పెట్టుకున్న అంకె పెట్టండి. ఏడాదంతా మబ్బే అంటుంది. అప్పుడు విసుగుపుట్టి ఆ సెన్సర్ తీసేస్తారు. ఆ వారమే వాన.

నిర్ణయాలన్నీ ఇంటర్నెట్ మీదే వదిలేయండి. సెన్సర్ చెప్పేది ఎక్కడో సర్వర్‌కు వెళ్లి, అక్కణ్నుంచి తిరిగొచ్చి, మోటారుకు చేరాలి. గాలివాన మొదలవగానే ముందు పోయేది కరెంటు, వెనకే ఇంటర్నెట్. గదిలోనే ఓ చిన్న కంట్రోలర్, మోటారుకు సరిపడా బ్యాటరీ, ‘కబురు అందకపోతే మూసెయ్’ అన్న ఒక్క నియమం. ఇంత తేలిగ్గా పరిష్కారమైపోతే దాన్ని ప్రాజెక్టు అని ఎవరంటారు? కరెంటు తిరిగి రాగానే కప్పు దానంతటదే తెరుచుకునేలా కూడా సెట్ చేయండి.

మన పెద్దవాళ్ల ఉదాహరణలు ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. గోడే వెంకట జగ్గారావు మద్రాసు అబ్జర్వేటరీలో ఖగోళం నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన తర్వాత అది అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేతికొచ్చింది. (అల్లుళ్లకు ఏమేమో ఇచ్చిన మామలను చూశాం, అబ్జర్వేటరీ ఇచ్చినవాణ్ని ఈయన్నే.) 1874 డిసెంబరు 9 ఉదయం శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే నరసింగరావు స్వయంగా టెలిస్కోపు దగ్గర నిలబడి చూసి, ఆ వివరాలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపాడు. తర్వాతిది 1882లో వచ్చింది గాని, అప్పటికి విశాఖలో పొద్దుగూకింది. ఆ తర్వాత మన ఆకాశంలో మళ్లీ 2004లోనే. అంత అరుదైన ఉదయాన్ని ఓ మనిషి కంటికి అప్పగించారంటే ఎంత ధైర్యం! మనమైతే స్క్రిప్టుకు అప్పగిస్తాం, సరిగ్గా శుక్రుడు అంచు తాకే వేళకు కంప్యూటర్ అప్‌డేట్ అవుతూ ఉంటుంది.

హైదరాబాద్ వైపు నుంచి నవాబ్ జఫర్ జంగ్ పేరు ఎత్తుతారు. 1901లో ఫిసల్‌బండ దగ్గర తన ఎస్టేటులో అబ్జర్వేటరీ మొదలుపెట్టి, తన తర్వాత దాన్ని నిజాం సర్కారు నడపాలని కోరుకున్నాడు. 1908లో సర్కారు తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. మీరూ మీ మునిసిపాలిటీని అడిగి చూడండి, ముందు ప్లాన్ అప్రూవల్ ఉందా అంటారు.

మిగతావి చిన్నచిన్నవి. కెమెరా తీగలను వేలాడనివ్వండి, నక్షత్రం నడినెత్తి దాటాక మౌంట్ అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు అవి దేనికో ఒకదానికి చుట్టుకుంటాయి. గది గచ్చుకు ముదురు రంగు వేయండి, పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూ నక్షత్రాలను ఉడికిస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ గదిని గాలి ఆడకుండా బిగించి, లెన్సును తోలు సంచిలో పెట్టండి, దీపావళికి బూజు సాలెగూడులా అల్లుకుని ఉంటుంది. తీగలు దూర్చడానికి గోడకు వేసిన రంధ్రాలు మూయకండి, మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు అవే ద్వారాలు, యూఎస్‌బీ పోర్టు వాటికి సరిగ్గా సరిపోతుంది. మూత తీసిన టెలిస్కోపుతో మిట్టమధ్యాహ్నం కప్పు తెరిచి పరీక్షించే సరదా ఒక్కటి మాత్రం వద్దు. కళ్లు పోతాయి, గదికి నిప్పంటుకుంటుంది. ఈ ఒక్కదాంట్లో నేను వేళాకోళం ఆడటం లేదు.

వీధి పిల్లలు శనిగ్రహం చూపించమని వస్తారు. టెలిస్కోపుకు ఐపీస్ ఉండాల్సిన చోట కెమెరా బిగించి ఉంది కాబట్టి ఫోన్లో చూపించండి. ‘ఇది యూట్యూబ్‌లో ఉంది కదా అంకుల్’ అంటారు. ఉన్నదే అనండి.

చివరగా, అర్ధరాత్రి వాన మొదలై కప్పు సగంలో ఇరుక్కుంటే ఏం చేయాలని అడుగుతారు. మోటారుకు క్లచ్ విడదీసే తాళం ఒకటుంటుంది, దాంతో కప్పును చేత్తో నెట్టొచ్చు. దాన్ని మోటారు పక్కన మేకుకు తగిలిస్తే అందరికీ కనపడుతుంది కాబట్టి బీరువాలో నగల దగ్గర పెట్టండి. టార్పాలిన్ మాత్రం కొనకండి. అది ఇంట్లోకి వచ్చిందంటే మీ ఆటోమేషన్ మీద మీకే నమ్మకం లేదని మీ ఆవిడకు తెలిసిపోతుంది.