శ్రీ సూర్యనారాయణమూర్తి వారికి, తోడుకోని పెరుగు విషయమై

మహారాజరాజశ్రీ ప్రత్యక్ష నారాయణమూర్తి వారి దివ్యసముఖానికి హైదరాబాదు గృహస్థులు సవినయంగా చేసుకుంటున్న విన్నపం ఏమనగా: కనుమ నాటి ఉదయం ఆవడలకు గారెలు సిద్ధమయ్యాయి గాని, ముందురాత్రి తోడు వేసిన పాలు పాలుగానే ఉన్నాయి.

తోడు వేయడమంటే గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి కదపకుండా ఉంచడం. ఆ పెరుగులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చితే పాలు గడ్డకడతాయి. అవి చురుకుగా పనిచేయడానికి 40 డిగ్రీల దరిదాపు వెచ్చదనం కావాలి కనుక, వేసవిలో మధ్యాహ్నం తోడు వేసిన గిన్నెలో సాయంత్రానికల్లా గడ్డపెరుగు తయారవుతుండగా, 13 డిగ్రీలకు దిగిన పుష్యమాసపు రాత్రి అదే గిన్నెను బియ్యపు డబ్బాలో దాచినా, పొయ్యి పక్కన కూర్చోబెట్టినా, దుప్పటి కప్పినా ప్రయోజనం కనబడలేదు. ఆ దుప్పటి లేక ఇంట్లో ఎవరు వణికారన్నది ఇక్కడ అప్రస్తుతం.

దూరభారం వల్ల ఇలా జరిగిందని సరిపెట్టుకుందామన్నా వీలులేదు. భూకక్ష్య దీర్ఘవృత్తం, అనగా కాస్త అణిగిన వలయం, కావడంవల్ల తమరికీ భూమికీ నడుమ దూరం జూలైలో సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు ఉండి, జనవరి మొదటివారానికి 14.7 కోట్లకు తగ్గుతుంది. అంటే 50 లక్షల కిలోమీటర్లు దగ్గరికి వచ్చి మరీ తమరు చలి పెడుతున్నారు. భూఅక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉన్నందున ఈ కాలంలో కిరణాలు ఏటవాలుగా పడతాయన్నది శాస్త్రం తమరి తరఫున చెప్పే సంజాయిషీ. పని జరగని ప్రతి కార్యాలయంలోనూ ఇటువంటిది ఒకటి సిద్ధంగానే ఉంటుంది.

ఇక ఉత్తరాయణం, అనగా తమరి ఉత్తరదిశా గమనం, డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. అయనచలనం, అంటే భూఅక్షం తూగే బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడం, మూలంగా మకర సంక్రాంతి శతాబ్దాల మీద జనవరి 14, 15 తేదీలకు జరిగింది. అంత ముందుగా బయలుదేరినా పండుగ నాటికి హైదరాబాదులో సూర్యోదయం త్వరపడకపోగా, ఇంకా ఏడెనిమిది నిమిషాలు వెనక్కిపోయి ఇంచుమించు 6.49 అవుతుంది. దినమానం, అనగా ఉదయాస్తమయాల నడిమి కాలం, పెరిగిన మాట నిజమే, కాని ఆ పెరిగినదంతా సాయంత్రం ఖాతాలో జమ అవుతుంది. సాయంత్రం వెలుగును ఎవరడిగారు? గిన్నె చూసుకునేది తెల్లవారుజామున గదా! దినమానం పెరుగుతుందట, పెరుగు మాత్రం తోడుకోదట, ఇదేం పాలన?

24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే కొబ్బరినూనె సీసాలోంచి దిగదు, దోసెల పిండి పొంగదు, ఉతికిన లుంగీ మూడోనాటికీ చెమ్మ వదలదు, మడమలు పగుళ్లు తేలతాయి. ఇన్ని బాధలకు లోనైన ప్రజలే ఉదయపు మంచును ఫోటోలు తీసి ఆహా అనడం మరో విడ్డూరం. వేసవి ఇంతటి నటన ఎరుగదు: ఎండ ఉన్నచోట ఎండే ఉంటుంది, డాబా మీద వడియాలు సాయంత్రానికి గలగలలాడతాయి, ఆవకాయ ముక్కల తడి ఆరుతుంది, సాయంకాలం మల్లెలు, ముంజెలు బజారుకు వస్తాయి. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా బలైన సంగతిని ఈ విన్నపం మరుగుపరచడం లేదు. ఎండన పడి కూలి చేసుకునేవారి ముందు ఈ పెరుగు గోల చిన్నదేనని గృహస్థులు ఒప్పుకుంటున్నారు.

అయినా స్వామీ, అంత ఎండ వద్దు, అందులో నాలుగోవంతు చాలు. రథసప్తమి దాకా ఆగమనకండి, రేపే ఒక పావుగంట ముందు రండి. గిన్నె తూర్పు కిటికీలో పెట్టి ఉంది, మూత కూడా తీసే ఉంచారు.