చెవిలో ఐదు వేల రియాళ్లు

సౌదీకి కొత్తగా వచ్చిన తెలుగువాడు ఏ వస్తువు ధర చూసినా ముందు రూపాయల్లోకి మార్చుకుంటాడు. మార్చుకున్నాక ఆ వస్తువు ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికొస్తాడు. కొన్నేళ్లుంటే ఈ జబ్బు తగ్గుతుందంటారు. మా కంపెనీ ఇంజనీరుగారికి పూర్తిగా నయమైపోయింది. ఆయన సెన్‌హైజర్ ఐఈ 900 కొన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: అది పాటలు వినడానికి చెవిలో దూర్చుకునే వస్తువు. వైరు కూడా ఉంటుంది. 2021లో వచ్చినప్పుడు దాని ధర 1,300 డాలర్లు. డాలరుకి 3.75 రియాళ్లు (1986 నుంచీ ఆ రేటు కదల్లేదు, మా జీతాల్లాగే), అంటే 4,875. దాని మీద 15 శాతం వ్యాట్. 2020 జూలై దాకా అది ఐదు శాతమే. మొత్తం కలిపితే 5,606 రియాళ్ల 25 హలాలాలు. ఆ 25 హలాలాలు మాత్రం బేరమాడి వదిలించుకోవచ్చని నా నమ్మకం.

నా దగ్గరున్నది మూన్‌డ్రాప్ చూ. 2022లో వచ్చిన చైనా సరుకు, 20 డాలర్లు, అంటే 75 రియాళ్లు. రెండింటికీ మధ్య తేడా 65 రెట్లు. సరే, డబ్బులెక్కువ పెడితే లోపల యంత్రాలెక్కువ ఉంటాయి కాబోలనుకున్నాను. లేవు. రెండింట్లోనూ చెవికి ఒక్కటే డ్రైవరు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు). పైగా నా దాంట్లోది 10 మిల్లీమీటర్లు, ఆయన దాంట్లోది ఏడే! ఈ మాట ఇంజనీరుగారికి చెబితే, "సైజు కాదండీ, ట్యూనింగు చూడాలి" అన్నారు. నిజమే. పెద్ద డ్రైవరైనంత మాత్రాన పెద్ద సంగీతం రాదు. కానీ ఆయన ఆ మాట అనేముందు ఒక్క క్షణం తటపటాయించారు. ఆ క్షణం నాకు 75 రియాళ్లకి సరిపడా ఆనందాన్నిచ్చింది.

అసలు ఇన్-ఇయర్ మానిటర్లనే ఈ ఇయర్‌ఫోన్లు మాలాంటి వాళ్ల కోసం చేసినవి కావు. 1995 ప్రాంతంలో వాన్ హాలెన్ బ్యాండులో డ్రమ్స్ వాయించే అలెక్స్ వాన్ హాలెన్‌కి స్టేజి మీద మోతలో తన వాయిద్యం తనకే సరిగా వినబడకపోతే, వాళ్ల సౌండ్ ఇంజనీరు జెర్రీ హార్వీ ఒక జత తయారు చేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీకి మూలం అదే. బయటి మోత లోపలికి రానివ్వకపోవడం వీటి మొదటి పని. రియాద్‌లో మా గదిలో డ్రమ్స్ లేవు గాని, వాటిని మించిన కిటికీ ఏసీ ఉంది. దాని మోతలో పాట సన్నని సంగతులన్నీ కొట్టుకుపోతాయి. కాబట్టి అలెక్స్‌గారి కష్టం మాకు బాగానే అర్థమవుతుంది.

ఖరీదైన ఇయర్‌ఫోన్ కొన్నవాళ్లకి కొత్త భాష వస్తుంది. "సౌండ్ వార్మ్‌గా ఉంది" అంటారు. ఆగస్టులో, రియాద్‌లో, ఇంకా వెచ్చదనం కావాలిట! "ట్రెబుల్‌లో గాలి ఆడుతోంది" అంటారు. మేమంతా తలెత్తి ఏసీ వైపు చూస్తాం. కొత్తదాన్ని వంద గంటలు పాడించి అరగదీస్తేగాని అసలు రంగు బయటపడదంటారు. వంద గంటల్లో అరిగేది డ్రైవరు కాదు, మన అనుమానం.

ఒక శుక్రవారం బిర్యానీ అయ్యాక మా గదిలోనే పంచాయితీ పెట్టాం. పోటీలో మూడు: ఇంజనీరుగారిది, నాది, రియాద్ బత్హాలోని ఓ అబూ రియాలైన్ చవక కొట్లో కొన్న పది రియాళ్లది. కళ్లకి తువ్వాలు కట్టి వినిపించాలి. వాల్యూమ్ సమానంగా ఉండాలి, ఎందుకంటే రవ్వంత గట్టిగా మోగిన దానికే ఓట్లు పడతాయి. చెవిలో కూర్చునే తీరుని బట్టి ఏది ఏదో కొంత తెలిసిపోతుంది కాబట్టి శాస్త్రజ్ఞులు ఈ పరీక్షని ఒప్పుకోరు. మా గదికి చాలు.

పది రియాళ్లది మొదటి రౌండులోనే ఓడిపోయింది. అందులో గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నాడు. అసలు పోటీ మిగిలిన రెండింటికీ. మా కారు నడిపే నిజామాబాద్ డ్రైవరన్న రెండూ విని నాదాన్ని పట్టుకున్నాడు.

"సారూ, గీ దాంట్ల డప్పు మంచిగ కొడ్తుంది. గిదే పెద్ద పైసలది."

ఇంజనీరుగారి ముఖం వాడిపోయింది. "అన్నా, డప్పు ఒక్కటే కాదు. ఆ రెండోదాంట్లో సెపరేషన్ చూడు."

"సెపరేషనా? ఎవలకెవలకు సారూ?"

అప్పుడు గమనించాం. ఇంజనీరుగారి చెవి చిన్నది, డ్రైవరన్నది పెద్దది. ఆయన తన చెవికి తగ్గట్టు తొడిగిన రబ్బరు టిప్పు చిన్నది కావడంతో చుట్టూ సందు మిగిలింది. మూత సరిగా పడని కుక్కరు విజిల్ వేయనట్టే, చెవి రంధ్రం గట్టిగా మూసుకోకపోతే బేస్ మొత్తం బయటికి జారిపోతుంది. పెట్టెలోంచి పెద్ద టిప్పులు తీసి తొడిగాక డ్రైవరన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అబ్బో" అన్నాడు. 5,606 రియాళ్ల పరువు కాపాడింది గోరంత రబ్బరు ముక్క.

న్యాయంగా చెప్పాలంటే తేడా ఉంది. 1989 నాటి 'గీతాంజలి' పాటల్లో ఇళయరాజా బేస్ గిటార్ నడక ఆయన దాంట్లో వింటే ఒక్కో స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలిసింది. తాళాల మెరుపు చెవిని గీరలేదు. నా దాంట్లో గొంతు ఒక అడుగు ముందుకొచ్చి నిలబడుతుంది, వాయిద్యాలు కొంచెం ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇక 1957 నాటి 'మాయాబజార్' పాటలు పెడితే ఇద్దరం సమానులమైపోయాం. అది మోనో రికార్డింగు. ఎంత ఖరీదైనది పెట్టుకున్నా ఘంటసాల తలకాయ మధ్యలోనే ఉంటారు. నా పెన్ డ్రైవులోని 128 కేబీపీఎస్ ఎంపీ3లైతే ఆయన దాంట్లో ఇంకా ఘోరంగా వినబడ్డాయి. పాటలోని లోపాలు కూడా స్పష్టంగా వినిపించడానికే ఆయన అంత డబ్బు పోశారు మరి.

ఐఈ 900 పెట్టె మీది లెక్క 5 నుంచి 48,000 హెర్ట్జ్ దాకా. మనిషి చెవి మంచి వయసులో 20,000 దాకా వింటుంది. నలభై అయిదు దాటాక 15,000 దాటి వినేవాళ్లు తక్కువ. పై ముప్పై మూడు వేలు గబ్బిలాల కోటా అన్నమాట. జెరోన్ బ్రీబార్ట్ అనే శబ్దశాస్త్రవేత్త 283 హెడ్‌ఫోన్లను కొలిచి, అవి మోగే తీరుకీ ధరకీ సంబంధమే కనబడలేదని 2017లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఇంజనీరుగారికి ఈ సంగతి నేను ఇంతవరకూ చెప్పలేదు. ఆయన నాకు సెలవులు సిఫారసు చేసే మనిషి.

మా అందరికీ ముఖ్యమైన ధ్వని ఇంకోటుంది: ఇంటినుంచి ఫోను. 2017 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ కాల్స్‌ మీద నిషేధం ఎత్తేసినప్పటినుంచి గదిలో పాటలకన్నా ఆ మాటలే ఎక్కువ. ఐఈ 900 వైరుకి మైకు లేదు. ఇంజనీరుగారు ఇంటినుంచి ఫోను రాగానే అయిదు వేల రియాళ్లు చెవుల్లోంచి పీకి, బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి మాట్లాడతారు. ఆ మాటలు మేమందరం వింటాం.

కాబట్టి కొనదలచినవాళ్లకి ఒక మాట. పది రియాళ్లది కొనకండి. డెబ్బై అయిదు, వంద పెట్టండి, మైకున్నది అడగండి, పెట్టెలోని టిప్పులన్నీ మార్చి మార్చి చూడండి, అంతకుముందు చెవి గుబిలి తీయించుకోండి. ఆ పైన కూడా కావాలనిపిస్తే మీ ఇష్టం, సంపాదన మీది. బిల్లు మాత్రం సెలవుకి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టకండి.