చాప ఎత్తి చూసినావిడ

నేను పుట్టింది 1995లో, ఇంగ్లండులో, లాంకషైర్‌లోని లేలాండ్ అనే ఊళ్ళో. ఆ ఊరి పేరే మా ఇంటిపేరు. తెలుగువాళ్ళకి అది కొత్త పేరు కాదు. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో మా ఊరి కంపెనీతో కలిసి అశోక్ లేలాండ్ అయింది. మీ రహదారుల మీద రాత్రీ పగలూ ధాన్యమూ సిమెంటూ మోసే లారీల్లో ఆ ఇంటిపేరువి లెక్కలేనన్ని. నేను పుట్టడానికి రెండేళ్ళ ముందు, 1993 ఫిబ్రవరిలో, ఇక్కడి లేలాండ్ డాఫ్ కంపెనీ దివాలా తీసింది. ఫ్యాక్టరీ మూతపడకుండా అక్కడి మేనేజర్లే పూనుకుని దాన్ని కొన్నారు. అలా నిలబడ్డ షెడ్డులోంచి బయటికొచ్చినదాన్ని కనక, పాతదాన్ని నిలబెట్టుకునే మనుషులంటే నాకు మొదటినుంచీ గౌరవం.

నా మోడలు 45. సరుకుతో కలిపి నా బరువు ఏడున్నర టన్నులు దాటకూడదని కేబిన్‌లో బిగించిన పత్రం మీద రాసి ఉంటుంది. మొదట్లో సోఫాలూ మంచాలూ బీరువాలూ మోశాను. ఆ కంపెనీ కొత్త లారీలు కొనుక్కున్నాక, నా వెనక ఉన్న పెట్టె ఊడదీసి, నా చాసీ మీద గుర్రాల బాడీ కట్టారు. విజయవాడ ఆటోనగర్‌లో ఎక్కడో తయారైన చాసీకి అక్కడి వడ్రంగులూ వెల్డర్లూ బాడీ కట్టినట్టే, ఇక్కడి పల్లెల్లోనూ గుర్రాల బాడీలు కట్టే చిన్న షెడ్లున్నాయి. అందుకే నాలాంటి బండికి రెండు వయసులుంటాయి. ఇంజనుదీ చాసీదీ ఒకటి, బాడీది ఇంకొకటి. లాగ్‌బుక్కులో కనిపించేది మొదటిదే. కొనేవాళ్ళు రెండోదీ అడగాలి, ఎవరు కట్టారో, ఏ చెక్క వాడారో అడగాలి. అడిగినవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు.

గుర్రాన్ని బండెక్కించి తీసుకెళ్ళడం ఒకప్పుడు వింత. పందెపు గుర్రాలు ఊరినుంచి ఊరికి రోజుల తరబడి నడిచే వెళ్ళేవి. 1836లో లార్డ్ జార్జ్ బెంటింక్ తన ఎలిస్ అనే గుర్రాన్ని దక్షిణాదిలోని గుడ్‌వుడ్ నుంచి ఉత్తరాన డాంకాస్టర్‌లో జరిగే సెయింట్ లెజర్ పందేనికి ఒక పెద్ద పెట్టెబండిలో పంపించాడు. ఆ బండిని లాగింది కూడా గుర్రాలే. పందెం దగ్గరపడుతున్నా ఎలిస్ ఇంకా గుడ్‌వుడ్‌లోనే ఉందని తెలిసి, ఇక నడిచి సమయానికి చేరలేదని జనం అనుకున్నారు. అది బండి దిగి పందెం గెలిచింది. మా వంశానికి మూలపురుషుడు ఆ పెట్టెబండే. గెలుపు గుర్రానిది. అలసట లేకుండా దిగనివ్వడం మా పని. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నా పనికి కొలత అదే.

గుర్రం ఎక్కగానే నాకు తెలుస్తుంది అది భయపడుతోందో లేదో. ముందు గిట్ట ర్యాంపు మీద పెట్టి బరువు వెయ్యకుండా తడుముతుంది. కింద చెక్క కదిలినా, చప్పుడు బోలుగా వినిపించినా వెనక్కి లాగేసుకుంటుంది. లోపల చీకటిగా ఉంటే అసలు రాదు. ఐదారొందల కిలోల ప్రాణి, కళ్ళకి కనిపించని దారిలో, మలుపు ఎటొస్తుందో తెలియకుండా, నాలుగు కాళ్ళమీద తూకం నిలుపుకుంటూ నిలబడాలి. అంత నమ్మకం నామీద పెట్టినప్పుడు నా అడుగు గట్టిగా ఉండాలి. నా జీవితంలో నేను పట్టుబట్టి చెప్పాలనుకున్న మాట ఇదొక్కటే.

నా పాత యజమానికి డెబ్బై నిండాయి. ఇక్కడ ఆ వయసు దాటాక ఏడున్నర టన్నుల లారీ నడపాలంటే వైద్య పరీక్ష చేయించుకుని లైసెన్సు మళ్ళీ తీసుకోవాలి. ఆయన వద్దనుకుని 2022 వసంతంలో నన్ను యార్క్‌షైర్‌లో పాత లారీలు అమ్మే ఒక యార్డులో పెట్టాడు. వచ్చినవాళ్ళంతా ముందు నా కేబిన్ వెనకున్న చిన్న గదిలోకి దూరేవాళ్ళు. మంచం ఎంతుంది, పొయ్యి వెలుగుతుందా, పరుపుల గుడ్డ ఏ రంగు అని చూసేవాళ్ళు. గుర్రాలు నిలబడే అరల వైపు ఒకసారి తొంగిచూసి, నల్లటి రబ్బరు చాపలు శుభ్రంగా కనిపించగానే తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. పక్కనే తోలు సీట్లూ టీవీ షవరూ ఉన్న లారీ ఒకటి నిలబడి ఉండేది. దాని ధర నాకంటే చాలా ఎక్కువ, దాని దగ్గర మనుషులూ ఎక్కువే.

ఒక శనివారం ఆవిడ వచ్చింది. పశువుల ఆసుపత్రిలో గుమాస్తా ఉద్యోగం. పద్నాలుగేళ్ళ కూతురు, పోనీ అనే పొట్టి జాతి గుర్రం ఒకటి, ఒక పెద్ద గుర్రం. చేతిలో ఎనిమిది వేల పౌండ్లు, అంతకు మించి ఒక్క పౌండు లేదు. తనతో కూతుర్నీ, ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దాయననీ తెచ్చుకుంది. తాను వచ్చేదాకా ఇంజను వెయ్యొద్దని ముందే ఫోనులో చెప్పి ఉంచింది. రాగానే ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. వేడెక్కించి ఉంచిన ఇంజను ఎవరికైనా ఒక్క తిప్పుకే అందుకుంటుంది, దాని రోగం బయటపడేది చలిలోనే. నా 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను కాస్త మూలిగి అందుకుంది. పొగ నల్లగా వచ్చి కాసేపటికి పలచబడింది. నీలంగా వస్తే ఆయిలు కాలుతోందని, వేడెక్కాక కూడా తెల్లగా తియ్యటి వాసనతో వస్తే రేడియేటరు నీళ్ళు సిలిండర్లోకి దిగుతున్నాయని పెద్దాయన ఆ పిల్లకి చెప్పాడు. పిల్ల శ్రద్ధగా విన్నది.

తర్వాత ఆవిడ యార్డు మనిషిని రబ్బరు చాపలు తీయమంది.

"అవి కొత్తవండీ, తీయడం దేనికి?" అన్నాడతను.

"కింద చెక్క చూడాలండీ."

గుర్రం మూత్రం ఎంత ఘాటుదో మీలో టాంగా తోలినవాళ్ళ ఇళ్ళలో తెలిసే ఉంటుంది. చాప అంచుల్లోంచి కిందికి దిగి, గాలాడక, ఎండక, చెక్కని నెలల తరబడి నానబెడుతుంది. పైకి చాప నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. అల్యూమినియం అడుగైతే కుళ్ళదని చాలామంది నమ్మకం. అదీ గుంటలుపడి పలచబడుతుంది. కుళ్ళిన అడుగు విరిగి, నడుస్తున్న బండిలో గుర్రం కాలు రోడ్డుకి తగిలిన ఘోరాలు ఈ దేశంలో జరిగాయి. నా పాత రోజుల్లో నన్ను చేతులు మార్చిన ఒకాయన మెత్తబడ్డ పలకల మీద ప్లైవుడ్డు ముక్క వేసి, దానిమీద కొత్త చాప పరిచి అమ్మాడు. ఆ తర్వాత కొన్నాయన ప్లైవుడ్డు పీకి పలకలు మార్చేదాకా ఎక్కిన ప్రతి గుర్రం బరువూ నాకు గుబులుగానే ఉండేది. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

చాపలు బరువైనవి. నలుగురూ కలిసి మడిచారు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పలక పలకనీ సుత్తితో తట్టాడు. గట్టి చెక్క ఖణీమంటుంది, కుళ్ళినది మొద్దుగా పలుకుతుంది. మూలల్లో స్క్రూడ్రైవరు గుచ్చి చూశాడు. వెనక అరలో గోడ పక్కనున్న ఒక పలకలో మొన సులువుగా దిగింది. ఆ తర్వాత కిందికి దూరి, బాడీని మోసే అడ్డదూలాలనూ చాసీనీ టార్చి వేసి చూశాడు. చాసీకి పైపై తుప్పేగానీ లోతుగా తినలేదు. కొత్తగా నల్లరంగు దట్టంగా పూసిన చాసీనైతే తాను ఇంకా ఎక్కువ అనుమానిస్తానని అన్నాడు.

ర్యాంపుని పిల్లచేత ఒక్కదానిచేతే ఎత్తించారు. స్ప్రింగులు బాగుంటే పిల్లయినా ఎత్తగలదు. ఎత్తింది. గాలి బ్రేకులు నిండేదాకా ఆగి, ఇంజను ఆపి, గాలి మీటరు ముల్లు ఎంత జారుతుందో చూస్తూ నిశ్శబ్దంగా విన్నారు. ఒక గొట్టం దగ్గర సన్నగా బుస. అది చిన్న పని.

టైర్ల దగ్గర మాత్రం బేరం మలుపు తిరిగింది. గుర్రాల లారీ వారానికో పక్షానికో కదులుతుంది కనక టైరు అరగదు, ముసలిదవుతుంది. గాడి లోతు చూసి మోసపోతారు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇక్కడ లారీల ముందు యాక్సిల్‌కి పదేళ్ళు దాటిన టైరు నిషిద్ధం. నా ముందు టైర్ల చివరి అంకెలు 09. యార్డు మనిషి మారు మాట్లాడకుండా ధర తగ్గించాడు.

ఆవిడ అంతటితో ఆగలేదు. నన్ను కాటాకి తీసుకెళ్ళమంది. ఇక్కడ చాలామంది తప్పించుకునే మెట్టు ఇదే. నేను ఖాళీగా, డీజిలు నింపుకుని, ఐదు టన్నుల మూడువందల కిలోలు తూగాను. ఏడున్నరలో మిగిలేది రెండు టన్నుల రెండువందలు. ఆవిడ గుర్రమూ పోనీ కలిసి టన్ను లోపే, నీళ్ళూ గడ్డీ జీనులూ మనుషులూ కలిపినా చోటు మిగులుతుంది. పక్కనున్న తోలు సీట్ల లారీకి ఆ షవరూ టీవీ అలమరాలే బరువు. అంత విలాసం ఎక్కించిన బండి రెండు గుర్రాలు ఎక్కగానే హద్దు దాటొచ్చు, గది కేబిన్‌కి ఆనుకుని ఉంటే ముందు యాక్సిల్ ఇంకా ముందే దాటొచ్చు. మూడున్నర టన్నుల చిన్న బండ్లకీ ఇదే లెక్క. ఖాళీగానే రెండున్నర తూగితే మిగిలేది ఒక్క టన్ను, రెండు పెద్ద గుర్రాలకి అది చాలదు. అయినా వాటికి గిరాకీ ఎక్కువ, ఎందుకంటే మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష పాసైనవాళ్ళకే ఏడున్నర టన్నుల దాకా హక్కు దానంతటదే వచ్చింది, తర్వాతివాళ్ళు విడిగా లారీ పరీక్ష పాసవ్వాలి. ఆవిడ 1995లో పాసైంది. నేనూ ఆ ఏడాదిదాన్నేనని ఆవిడ పిల్లతో చెప్పుకుని నవ్వింది. పిల్ల పెద్దయ్యాక నన్ను నడపాలంటే ఆ పరీక్ష తప్పదు.

కాగితాల్లో పాత ఫిట్‌నెస్ పరీక్షల ఫలితాలన్నీ చదివింది. ఏటేటా ఏం తప్పిందో, ఏం బాగుచేశారో అందులో ఉంటుంది. బాకీ ఏదైనా నామీద ఉందేమో కనుక్కుంది. చివరికి ఆరువేల ఐదువందలకి కుదిరింది. ఎనిమిది వేలూ నాకే పోసి ఉంటే నేను ఇంటికెళ్ళి వాకిట్లో నిలబడిపోయేదాన్ని. మిగిలిన పదిహేను వందలతో ముందు టైర్లు, కుళ్ళిన పలక, బ్రేకు గొట్టం, ఇన్సూరెన్సు తొలి వాయిదా. పరుపుల గుడ్డ ఇప్పటికీ పాతదే.

ఇప్పుడు పోటీలకి తిప్పుతున్నారు. నా ఎత్తు మూడు మీటర్లు దాటింది కనక ఆ అంకె కేబిన్‌లో డ్రైవరు కళ్ళముందు రాసి ఉండాలి. పాత రాతి వంతెనల ఊళ్ళల్లో అది ప్రాణాలు కాపాడే అంకె. లండన్ వైపు వెళ్ళం. అక్కడి పొగ నిబంధన ప్రకారం నా వయసు లారీ నగరంలోకి వస్తే రోజుకి 300 పౌండ్లు కట్టాలి. కొనేముందే ఆవిడకి ఆ సంగతి తెలుసు, తాను తిరిగేది యార్క్‌షైర్ పల్లెల్లోనే అనీ తెలుసు. తిరిగొచ్చాక ఎంత పొద్దుపోయినా తల్లీకూతుళ్ళిద్దరూ చాపలు ఎత్తి, లద్దె ఊడ్చి, అడుగు కడిగి, ఆరేదాకా ర్యాంపు దించే ఉంచుతారు. అరగంట పని. నా ఆయుష్షు పెరిగేది ఆ అరగంటలోనే.

నా ఇంటిపేరువాళ్ళని ఎరిగినవాళ్ళు కనక మీకు ఒక మాట చెబుతాను. మీ పిల్లలెవరైనా ఈ దేశంలో స్థిరపడి, గుర్రపుస్వారీ మీద మనసుపడి, తక్కువ డబ్బుతో నాలాంటి పాత లారీ కొనబోతుంటే, గదిలోని పొయ్యి చూడటానికి ముందు చాప ఎత్తించమనండి. ఎత్తనివ్వని యార్డులో కొనొద్దనండి.