ఇతరుల ఇక్కట్లలో వేసవి విడిది

వేసవి సెలవుల్లో పిల్లాపాపలతో జనసంచారం లేని సముద్రతీరానికి పోయి, అక్కడ రెండు రాత్రులు గడిపి, 'అసలైన జీవితం' చూసి వచ్చామని చాటుకోవడం నేటి మధ్యతరగతి ఆచారాలలో ఒకటి. సముద్రమే లేని తెలంగాణలో, అందునా రామాయంపేట వంటి మెట్టప్రాంతపు పట్టణంలో, ఈ ఆచారానికి తీర్థయాత్రతో సమానమైన గౌరవం దక్కుతున్నది. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన కారు హైదరాబాదు, విజయవాడ, అవనిగడ్డ దాటి, 400 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే దివిసీమ అంచుకు చేరుతుంది. నాగాయలంక మండలంలోని ఏటిమొగ రేవు దగ్గర రోడ్డు అయిపోతుంది. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వంటి ఊళ్లు పాయలకు ఆవల ఉంటాయి గనుక, సందర్శకుడి స్వర్గం కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

ఆ స్వర్గద్వారం పేరు పంటు. పడవలను జతకట్టి పైన బల్లలు పరిచి, మనుషులనూ బండ్లనూ ఒకేసారి నది దాటించే సాధనం అది. మోటారు సైకిళ్లు, మంచినీళ్ల డబ్బాలు, పీతల బుట్టలు, ఆసుపత్రికి పోవలసిన ముసలివాళ్లు అదే బల్లమీద సర్దుకుని నిలబడగా, వారి భుజాల సందులోంచి సెల్ఫీకి చోటు సంపాదించడం అతిథి ప్రథమ కర్తవ్యం. వారధి కట్టించండని లంకవాసులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న ఆ దాటుడే అతనికి యాత్ర మొత్తంలోకీ మధురమైన ఘట్టం. ఫోనుకు సిగ్నల్ అందకపోతే ప్రశాంతత, కరెంటు పోతే నక్షత్ర దర్శనం, డాక్టరు లేకపోతే కల్మషం లేని పల్లె అని అతని నిఘంటువు చెబుతుంది. అన్నట్టు, రామాయంపేటవాసులు తమ ఊరికి రెవెన్యూ డివిజన్ కావాలని, ఆఫీసు పనికి మెదక్ దాకా తిరగలేకపోతున్నామని చాలాకాలం ఆందోళన చేసి, 2023లో ప్రభుత్వం చేత ఔననిపించుకున్నారు. ఆఫీసు దూరమైతే ఎంత బాధో అంత బాగా తెలిసినవారు, మండలాఫీసుకు పోవాలంటే నది దాటవలసినవారిని చూసి 'ఎంత అదృష్టవంతులు' అని నిట్టూర్చడం గమనించదగ్గ విశేషం.

ఇక ఈ లంకల మడ అడవులను చూసి అతిథులు అనే 'మనిషి చేయి పడని ప్రకృతి' అనే మాట. మడ అడవి అంటే ఆటుపోట్ల ఉప్పు బురదలో పెరిగి, ఊపిరి పీల్చుకోవడానికి వేళ్లను పుల్లలు గుచ్చినట్టు బురదపైకి పంపే చెట్ల సముదాయం. ఇక్కడి మడలలో తిల్ల అనే చెట్టు కూడా ఉంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఈ అడవిలో నరికివేతకు గురై నీరు ఆడక ఎండిపోయిన చోట్ల, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని మళ్లించి, మనుషులే మొక్కలను తిరిగి పెంచారు. అంటే ఫొటోలో 'ఆదిమ అరణ్యం'గా వెలిగే పచ్చదనంలో కొంత గడ్డపార పట్టినవాడి చెమట. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ సీమను ముంచి, అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 ప్రాణాలను తీసుకుపోయింది. దాని తరువాత కట్టిన తుపాను షెల్టర్ల మేడ మీద నిలబడి సూర్యోదయం బాగుంటుందని అతిథులు తేల్చడం వేరే సంగతి.

అన్నిటికంటే రసవత్తరమైనది భోజన ఘట్టం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మరపడవల వేటను నిషేధిస్తారు; ఆ రోజుల్లో బతకడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణ బడులకు సెలవులు వచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. పడవలు ఒడ్డెక్కి, వలలకు మరమ్మతులు సాగుతున్న కాలంలో దిగిన కుటుంబం 'ఇప్పుడే సముద్రంలోంచి తీసిన' చేప కావాలని పట్టుబడితే, ఇంటివారు మర్యాద కొద్దీ ఏ ఐసుపెట్టెలోనిదో, డెల్టా చెరువులోనిదో వండి పెట్టి ఊరుకుంటారు. ఆ రుచి రామాయంపేటలో దొరకదని అతిథి ప్రమాణం చేస్తాడు. చెరువు చేప రామాయంపేట అంగట్లోనూ దొరుకుతుందని ఆ సమయంలో గుర్తుచేయడం సభ్యత కాదు.

నీళ్లూ అడవీ పక్షులే కావాలంటే నిజాం కాలపు పోచారం చెరువు, దాని అభయారణ్యం రామాయంపేటకు దగ్గరలోనే ఉన్నాయి. అయితే పెరటి చెట్టు మందుకు పనికిరాదు గనుక, అక్కడికి పోయివస్తే బంధువుల్లో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. దూరమే ఈ యాత్రకు పెట్టుబడి. ఏటిమొగ దగ్గర వారధి పూర్తయి, పురిటి నొప్పుల మనిషిని పంటు కోసం ఆపకుండా నేరుగా అవనిగడ్డకు తీసుకుపోగలిగిన మరుసటి వేసవిలోనే, ఈ యాత్రికులు ఎదురుమొండి 'పాడైపోయింది' అని తీర్మానించి, ఇంకా పంటు మీదే బతుకుతున్న మరో లంక ఎక్కడుందో వాకబు మొదలుపెడతారు.